విశాఖ ఒడ్డున ఆయుష్షు లెక్కలు

నెత్తలి చేప ఏడాది బతుకుతుంది, మహా అయితే రెండేళ్ళు. అదే నీటిలో తిరిగే ఆలివ్ రిడ్లీ తాబేలుకు గుడ్లు పెట్టే ఈడు రావటానికే పదేళ్ళు దాటుతుంది. నీటి వేడి ఒకటే, ఉప్పూ ఒకటే. మరి ఇంత తేడా ఎక్కడిది? చల్లటి నీళ్ళలో జీవులు ఎక్కువకాలం బతుకుతాయన్న జవాబు అందరూ చెప్పేదే. అది సగం నిజం. పెద్దప్రాణికి ఆ చోట చావు ఎంత దగ్గరగా ఉంది, పిల్ల నిలదొక్కుకోవటం ఎంత అనుమానం అన్నది మిగతా సగం. రాళ్ళు, ఇసుక, ఏటి మొగ, లోతు వరసగా చూస్తే ఇది కళ్ళకు కడుతుంది. ఊరు విడిచి ముప్ఫై కిలోమీటర్లు పోకుండానే లోతు తప్ప మిగతావన్నీ దొరకటం విశాఖలో ఉన్న సౌకర్యం.

వెళ్ళాల్సింది ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో. తాబేళ్ళు ఒడ్డుకు వస్తుంటాయి, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు వస్తే హార్బర్‌లో చూడటానికి ఏమీ మిగలదు. పున్నమికో అమావాస్యకో దగ్గరగా రోజులు కుదుర్చుకోవాలి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ పోటుల అంచనాలు ఇస్తుంది, అందులో విశాఖ రేవు పట్టిక చూసుకోవాలి.

మొదటి రోజు: తెన్నేటి పార్కు కింద రాళ్ళు

ఇక్కడ పెద్ద పోటుకూ ఆటుకూ మధ్య తేడా దాదాపు మీటరున్నర. గుజరాత్ ఖంబాత్ సింధుశాఖలో లాగా మైళ్ళ కొద్దీ నేల బయటపడదు. పట్టికలో ఉన్న ఆటు సమయానికి గంట ముందు దిగి, గంట తర్వాత ఎక్కెయ్యాలి. రబ్బరు అడుగు గరుకుగా ఉన్న బూట్లు కావాలి. చెప్పులతో నాచు మీద నిలవలేం. ఒకరు రాయి మీద వంగి లెక్క పెడుతుంటే ఇంకొకరు సముద్రం వైపే చూస్తూ ఉండాలి. నాలుగు చిన్న అలల వెనక ఒక పెద్దది వస్తుంది, జారి పడేవాళ్ళంతా దానికే పడతారు.

సామాను కొంచెమే: సన్న పీవీసీ పైపుతో చేసిన 25 సెంటీమీటర్ల చదరపు చట్రం, మీటరుకో ముడి వేసిన 20 మీటర్ల తాడు, థర్మామీటరు, పెన్సిలు. తాడును పై రాయి నుంచి నీటి అంచుదాకా పరిచి, ప్రతి ముడి దగ్గరా చట్రం పెట్టి లెక్కించాలి. బాగా కనిపించిన చోట చట్రం పెట్టటం కొత్తవాళ్ళు చేసే తప్పు, అప్పుడు లెక్క ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. ముడి ఎక్కడుంటే అక్కడే పెట్టాలి, ఖాళీ రాయి అయినా సరే. బార్నకిల్స్ (రాతికి అతుక్కుని, పలకల గుల్లలో బతికే చిన్న జీవులు) లెక్కించేటప్పుడు నోరు మూసి పలకలు బిగించినవే బతికినవి. మధ్యలో గుంటపడ్డవి ఉత్త డొల్లలు, వాటిని వేరుగా రాయాలి. బతికినవాటికి డొల్లలు ఎన్ని ఉన్నాయో చూస్తే ఆ ఎత్తులో చావు ఎంతో మోటుగా తెలుస్తుంది.

రాళ్ళ మీద జీవుల పట్టీలు స్పష్టంగానే ఉంటాయి. అన్నిటికంటే పైన చిటికెన గోరంత నత్తలు, వాటి కింద బార్నకిల్స్, ఆ కింద రాతి ఆల్చిప్పలు, పచ్చ ఆల్చిప్పలు, ఎప్పుడూ తడి ఉండేచోట నాచు, పువ్వుల్లా కనిపించే జంతువులైన సముద్రపుష్పాలు. ఒక జీవి పైకి ఎంతవరకు పోగలదన్నది ఎండ నిర్ణయిస్తుంది, కిందికి ఎంతవరకన్నది వేటాడేవీ చోటు లాక్కునేవీ నిర్ణయిస్తాయి. స్కాట్లండ్ తీరంలో బార్నకిల్స్ మీద జోసెఫ్ కానెల్ చేసిన ప్రయోగాలు 1961లో దీన్ని నిలబెట్టాయి. విశాఖ ఎండకు పై గీత ఇంకా కఠినం. మధ్యాహ్నం పొడి రాయినీ పక్క గుంటలో నీటినీ థర్మామీటరుతో చూస్తే పై పట్టీలో అన్ని జాతులు ఎందుకు నిలవవో అర్థమవుతుంది.

ఒక నెరిటా నత్తను తిప్పి చూడండి. గుల్ల మందం, నోరు ఇరుకు, అంచున పళ్ళలాంటి గట్లు. పీత గోరు లోపలికి దూరకుండా, దూరినా గుల్ల పగలకుండా ఉండే కట్టడం అది. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల ఉష్ణతీరాల నత్తలకు ఈ కవచం అట్లాంటిక్ నత్తలకంటే గట్టిదని గీరత్ వెర్మీ అనే శాస్త్రవేత్త చూపించాడు. కదల్లేని, పరిగెత్తలేని జీవికి గుల్లే ఆయుష్షు. కానీ అలాంటి జీవుల పిల్లలకు అంత గట్టి గుల్ల ఉండదు. బార్నకిల్ పిల్ల ఆరు దశలు నీటిలో తేలి, ఏడో దశలో రాయి వెతుక్కుని తల అతికించుకుంటుంది. ఆ కొద్ది వారాల్లో ఎన్ని పోతాయో చెప్పటం కష్టం, దాదాపు అన్నీ పోతాయి.

సముద్రపుష్పాల్లో ముసలితనం గుర్తులు కనబడవు. ఒంట్లో కణాలు మారుతూ ఉంటాయి, ముక్క తెగితే కొన్ని జాతుల్లో అదే ఇంకోటి అవుతుంది. చావు వాటికి బయటి నుంచే వస్తుంది. వాటి చుట్టాలైన, చాపలా పరుచుకున్న జొవాంథిడ్లను మాత్రం గీకొద్దు, కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. పగడం ముక్క, సముద్రదోసకాయ ఇంటికి తెచ్చుకుంటే 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం.

రెండో రోజు: ఫిషింగ్ హార్బర్

తెల్లవారకముందే చేరాలి, ఎండ ముదిరేలోపు వేలం అయిపోతుంది. బుట్టలు మోసేవాళ్ళ దారికి అడ్డం నిలబడకూడదు. ముందు ఒక చుట్టు ఊరికే తిరిగి, కుప్పల్లో ఏవి ఎక్కువో చూడాలి. కవళ్ళు, కానగంతలు, నెత్తళ్ళు. ఇవన్నీ పైనీటిలో గుంపులుగా తిరిగేవి. సూర, వంజరం, సొర, పక్షి, వల, అన్నీ వీటికోసమే. ఏ రోజు పోతుందో తెలియని ప్రాణి ఈడు కోసం ఆగితే వంశం మిగలదు. అందుకే ఏడాది తిరక్కుండానే ఈడుకొచ్చి, వేల గుడ్లు విడిచి, రెండు మూడేళ్ళలో అయిపోతాయి.

బయటి చావు ఎక్కువగా ఉన్నచోట ముసలి వయసు దాకా చేరేవే తక్కువ. అప్పుడు ఆ వయసులో శరీరాన్ని చెడగొట్టే జన్యువులను ప్రకృతి ఎంపిక ఏరిపారెయ్యలేదు. ఈ మాట 1952లో జీవశాస్త్రవేత్త పీటర్ మెడవార్ చెప్పాడు. పడుచుదనంలో మేలు చేసి ముసలితనంలో కీడు చేసే జన్యువులైతే ఇంకా నిలదొక్కుకుంటాయని 1957లో జార్జ్ విలియమ్స్ దానికి కలిపాడు. కానగంతల బుట్ట ముందు నిలబడితే ఈ సిద్ధాంతానికి వేరే బొమ్మ అక్కర్లేదు.

బంగాళాఖాతం స్వభావం కూడా ఇందులో ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీర ప్రవాహం దక్షిణానికి నడిచి, గంగా బ్రహ్మపుత్రల మంచినీటిని విశాఖ మీదుగా దింపుతుంది. తేలికైన ఆ పైపొర కింది నీటిని పైకి రానివ్వదు. ఫిబ్రవరి తర్వాత ప్రవాహం ఉత్తరానికి తిరుగుతుంది. మార్చి నుంచి మే దాకా ఒడ్డు దగ్గర అడుగునీరు కొంత పైకొచ్చి మేత పెరుగుతుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, ఇక్కడివాళ్ళతో కలిసి ఈ నీటి కదలికలను కొలిచాడు. మేత విడతలు విడతలుగా వచ్చేచోట, దొరికినప్పుడు తిని తొందరగా పెరిగే చేపకే లాభం.

పక్కనే సొరలు, టేకు చేపలు కొద్దిగా పడి ఉంటాయి. వీటి లెక్క తలకిందులు. పిల్లలు కొద్ది, పుట్టుకతోనే పెద్దవి, ఈడు ఆలస్యం. ట్రాల్ వల వచ్చేదాకా పెద్ద సొరకు శత్రువు దాదాపు లేదు. ఆ భరోసా మీద కట్టుకున్న బతుకు కాబట్టే కవళ్ళు తట్టుకునే వేటను సొర తట్టుకోలేదు.

స్క్విడ్లు, కటిల్‌ఫిష్‌ల కుప్ప దగ్గర ఇంకాస్త ఆగాలి. ఎక్కువ జాతులు ఏడాది అటూ ఇటూ బతికి, గుడ్లు పెట్టి చస్తాయి. గుల్ల వదులుకోని వాటి చుట్టం నాటిలస్ వంద మీటర్లకు పైగా లోతున, పగడపు గట్ల వాలుల మీద, ఇరవై ఏళ్ళు బతుకుతుంది. గుల్ల పోగొట్టుకున్నవాటికి వేగం, తెలివి, రంగుమార్పు వచ్చాయి, ఆయుష్షు తగ్గిందని 2019లో కొందరు పరిశోధకులు వాదించారు. నిరూపణ పూర్తి కాలేదు గాని, వాదన బలమైనదే.

మధ్యాహ్నం వయసు చదివే పని. గొరకలు రెండు మూడు కొనాలి, 25 నుంచి 30 సెంటీమీటర్లవి. ఈ కుటుంబం చేపలకు చెవిరాయి (లోపలి చెవిలో వలయాలుగా పెరిగే సున్నపు రాయి) పెద్దది, చేతికి సులువుగా దొరుకుతుంది. ముందు పొడవు, బరువు, ఆడా మగా రాసుకోవాలి. తల పైభాగాన్ని కళ్ళ వెనక నుంచి అడ్డంగా కోసి, మెదడు పక్కకు తోస్తే దాని కింద రెండు పక్కలా తెల్లటి రాళ్ళు కనిపిస్తాయి. పట్టకారుతో తీసి, పొర వేళ్ళతో రుద్ది, నీటిలో కడిగి, ఆరబెట్టి, కాగితపు కవరులో వెయ్యాలి. ఫార్మలిన్‌లో మాత్రం ఎప్పుడూ వెయ్యకూడదు, ఆమ్లానికి రాయి కరిగి అంచులు పోతాయి, చివరి వలయాలు ఆ అంచునే ఉంటాయి.

ఆరిన రాయిని ఎపాక్సీలో పోసి, గట్టిపడ్డాక నెమ్మదిగా తిరిగే వజ్రపు రంపంతో మధ్య గింజ మీదుగా అడ్డంగా 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల పలక తియ్యాలి. గింజ తప్పిపోతే మొదటి ఏడాది వలయం కనబడదు, వయసు ఒకటి తగ్గుతుంది. పలకను సన్నటి ఎమెరీ కాగితాల మీద తడిపి రుద్ది, కింది నుంచి వెలుతురు వేసి సూక్ష్మదర్శినిలో చూడాలి. చెట్టు కాండంలోలా ముదురు, లేత పట్టీలు వరసగా ఉంటాయి.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. చలికాలం గట్టిగా ఉండే సముద్రాల్లో జత పట్టీలు అంటే ఏడాది. విశాఖలో పైనీటి వేడి ఏడాది పొడుగునా పెద్దగా మారదు. గుడ్లు పెట్టినప్పుడు, వర్షాకాలంలో ఉప్పు మారినప్పుడు కూడా పట్టీ పడొచ్చు. కాబట్టి నెలనెలా చేపలు కొని, చివరి పట్టీకీ అంచుకూ మధ్య దూరం కొలవాలి. ఆ దూరం ఏడాదిలో ఒక్కసారే సున్నాకు దగ్గరైతే పట్టీ ఏడాదిది, రెండుసార్లయితే కాదు. పొడవుల పట్టిక కూడా కట్టాలి, నెలకు వందకు తక్కువ కాకుండా కొలిస్తే ఒకే ఈడు గుంపు ముందుకు జరగటం తెలుస్తుంది. ఇద్దరు విడివిడిగా లెక్కించి, తేడా వచ్చిన రాళ్ళను పక్కన పెట్టాలి. మొదటి లెక్క చేపల పొడవులు చూడకుండా చెయ్యటం మంచిది. పెద్ద చేప అని తెలిస్తే కంటికి వలయాలు ఎక్కువ కనిపిస్తాయి.

మూడో రోజు: ఇసుక, ఎర్రమట్టి దిబ్బలు, తాబేళ్ళు

భీమిలి రోడ్డు మీద ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగి, సముద్రం వైపు చూసి ఒక లెక్క వేసుకోవాలి. ఇరవై వేల ఏళ్ళ క్రితం మంచుయుగం గరిష్ఠంలో సముద్రం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కింద ఉండేది. విశాఖ ఎదుట ఖండతీర మెట్ట, అంటే ఒడ్డును ఆనుకుని లోతు తక్కువగా ఉన్న సముద్రపు నేల, దాదాపు 40 కిలోమీటర్ల వెడల్పు, అందులో ఎక్కువ భాగం అప్పుడు పొడి నేల. అంటే నిన్న చూసిన చేపల మేతచోటు, మొన్నటి రాళ్ళ తీరం, అన్నీ కొత్త ఇళ్ళే. ఒడ్డు ఇలా జరుగుతూ పోయే లోకంలో పిల్లలను దూరాలకు విసిరే జాతులకు వలస సులువు. దిబ్బల మట్టి తియ్యకూడదు, గోడలు ఎక్కకూడదు, అంచులు జారతాయి.

మంగమారిపేట దగ్గర ఇసుకలోకి. వాల్తేరు ఇసుక రేణువుల సందుల్లో బతికే జీవుల మీద పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు 1962 నాటికే రాశారు. ఈ విషయంలో విశాఖ దేశంలో పాత కేంద్రాల్లో ఒకటి. చెయ్యవలసింది ఇది. ముక్కు కోసేసిన పెద్ద సిరంజిని అల తాకే గీత దగ్గర పది సెంటీమీటర్లు దింపి ఇసుక తియ్యాలి. లీటరు మంచినీటికి 75 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ కలిపిన ద్రావణంలో ఆ ఇసుక పది నిమిషాలు ఉంచాలి. మత్తుకు జీవులు రేణువులను వదిలేస్తాయి. గుండ్రంగా తిప్పి, రేణువులు అడుగుకు దిగిన వెంటనే పైనీటిని 63 మైక్రాన్ల జల్లెడ మీద పొయ్యాలి. మూడు నాలుగుసార్లు ఇలా చేసి, జల్లెడలో మిగిలింది సముద్రపు నీటితో కడిగి 40 రెట్ల సూక్ష్మదర్శినిలో చూడాలి. కుళాయి నీటితో కడిగితే మెత్తటివి ఉబ్బి పగిలిపోతాయి. మత్తు మెట్టు దాటేస్తే నూలుపురుగులు (నెమటోడ్లు) వస్తాయి గాని, రేణువులకు అతుక్కునే చిట్టి జీవులైన గ్యాస్ట్రోట్రిక్‌లు రావు, చాలా పాత లెక్కల్లో అవి తక్కువ కనిపించటానికి ఇదీ ఒక కారణం.

మిల్లీమీటరు కంటే చిన్నవి, ఎన్నో జాతులు వారాల్లో తరం ముగిస్తాయి. వీటిలో చాలావాటికి తేలే పిల్లదశ లేదు, గుడ్డు ఇసుకకే అతికిస్తాయి. అయినా ఒకే రూపం జాతులు సముద్రాల అవతలా కనిపిస్తాయి. కొన్ని అలలకు లేచి కొట్టుకుపోయి చేరాయి, మరికొన్ని ఒకే రూపంలో దాగిన వేరువేరు జాతులని జన్యు పరీక్షల్లో తేలింది. ఒకే ఇరుకు ఇంట్లో అందరికీ ఒకే పొడుగాటి ఒళ్ళు సరిపోయింది.

రాత్రి తాబేళ్ళ కోసం. అటవీ శాఖ వాళ్ళతోనే వెళ్ళాలి, ఎర్ర లైటు మాత్రమే. తల్లి ఒక గూటిలో సుమారు 100 నుంచి 120 గుడ్లు పెడుతుంది. కుక్కలు, నక్కల భయానికి గుడ్లను హేచరీకి మారుస్తారు. అది పెట్టిన రెండు మూడు గంటల్లో జరగాలి. తర్వాత పిండం పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది, గుడ్డు తిరగబడితే చస్తుంది. కూజా ఆకారంలో 45 సెంటీమీటర్ల లోతు గుంట, గుంటకూ గుంటకూ మీటరు ఎడం, పోటు నీరు అందని ఎత్తు. 45 నుంచి 60 రోజులకు పిల్లలు వస్తాయి. ఇసుక వేడి సుమారు 30 డిగ్రీల దగ్గర ఆడా మగా కలిసి వస్తాయి, పైకి పోతే ఆడవే. మార్చి ఎండకు నీడ పందిరి లేని హేచరీ మగపిల్లలను తగ్గిస్తుంది, మరీ వేడెక్కితే గుడ్డే ఉడికిపోతుంది. బీచ్ రోడ్డు దీపాలు ఇంకో గొడవ, పిల్లలు సముద్రపు మెరుపు అనుకుని రోడ్డు వైపు నడుస్తాయి.

పిల్లల్లో దాదాపు అన్నీ పోతాయి, పెద్ద తాబేలుకు గుల్ల, బరువు రక్ష. ఇలాంటి చోట ఒక ఏడాది గుడ్ల మీద పందెం కాయటం దండగ. ఏడాదేడాదీ మళ్ళీ పెట్టగలిగే తల్లి వంశమే మిగులుతుంది. నెత్తలి లెక్కకు ఇది సరిగ్గా ఎదురు.

నాలుగో రోజు: భీమిలి మొగ

గోస్తనీ కలిసే చోట ఒక పూట చాలు. రొయ్య పెద్దది సముద్రంలో గుడ్లు విడిస్తే, బియ్యపుగింజ అంత పిల్ల మొగలోకి వచ్చి బురదలో పెరిగి, మళ్ళీ బయటికి పోతుంది. ఉప్పు తగ్గిన నీటిలో వేటాడే సముద్రపు చేపలు తక్కువ, మేత ఎక్కువ. పండుగప్పదీ ఇదే దారి, కాకపోతే అది ముందు మగగా ఈడుకొచ్చి, కొన్నేళ్ళకు పెద్దదయ్యాక ఆడగా మారుతుంది. పెద్ద ఒళ్ళే ఎక్కువ గుడ్లు మోస్తుంది కాబట్టి ఆ వరస. బజారులో పెద్దవాటినే ఏరి పట్టేస్తే పోయేది ఆడవే. పులస గురించి ఇక్కడ అడగొద్దు, అది గోదావరి మాట.

ఐదో రోజు: కురుసుర లోపల, లోతు గురించి

లోతుకు మనం వెళ్ళలేం. ఆర్కే బీచ్‌లో ఒడ్డుకెక్కించిన జలాంతర్గామి ఐఎన్ఎస్ కురుసుర కొలతగా పనికొస్తుంది. 1969లో నౌకాదళంలో చేరింది, 2002 నుంచి మ్యూజియం. ఇంత ఇనుము ఉన్నా అది దిగగలిగే లోతు 300 మీటర్ల లోపే. ఆ లోతుకే సూర్యకాంతితో ఆకుపచ్చదనం పెరగటం ఎప్పుడో ఆగిపోయింది. బంగాళాఖాతంలో సుమారు వంద మీటర్ల కింద నుంచి కొన్ని వందల మీటర్ల దాకా ఆక్సిజన్ చాలా తక్కువ ఉన్న పొర ఉంటుంది. లాంతరు చేపలు పగలు అందులో దాక్కుని, రాత్రి మేతకు పైకి వస్తాయి. వేటాడే పెద్ద చేపకు అక్కడ ఊపిరి చాలదు. వెయ్యి మీటర్ల దగ్గర నీరు 6, 7 డిగ్రీలు.

చలికి రసాయన చర్యలు నెమ్మదిస్తాయి. పది డిగ్రీలు తగ్గితే ఒంటి ఖర్చు సగమో మూడో వంతో అవుతుంది. కానీ లోతు చేపల ఒంటి ఖర్చు చలి చెప్పేదానికంటే కూడా తక్కువ. జెల్లీచేపల్లో ఆ అదనపు తగ్గుదల కనబడదు. కళ్ళతో చూసి వేటాడేవాటికి, కళ్ళు చూసి పారిపోయేవాటికి మాత్రమే ఉంది. వెలుతురు పోయాక వేగం అక్కర్లేదు, కండ తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుందని జేమ్స్ చిల్డ్రెస్ వివరించాడు. ఆయుష్షుకు చలి ఒక్కటే కారణం కాదనటానికి ఇంతకంటే మంచి ఆధారం ఇంకోటి ఉంది. పగడపు దిబ్బల మీద సిగిలాటా గోబీ 59 రోజులకు మించి బతకదు, అదే వేడినీటిలో పెద్ద క్లామ్ వందేళ్ళదాకా ఉంటుంది.

పసిఫిక్ రాక్‌ఫిష్ జాతుల్లో కొన్ని 11 ఏళ్ళు, రఫ్‌ఐ అనేది 205 ఏళ్ళు. 2021లో 88 జాతుల జన్యువులు చూసినప్పుడు, ఒంటి పెద్దతనం, ఉండే లోతు కలిసి ఈ తేడాలో సగానికి పైగా చెప్పాయి. కాలిఫోర్నియా దగ్గర మాంటెరే లోయలో సుమారు 1,400 మీటర్ల లోతున ఒక ఆక్టోపస్ గుడ్ల మీద 53 నెలలు కూర్చుంది. నీరు 3 డిగ్రీలు. రెండో రోజు హార్బర్‌లో చూసిన స్క్విడ్ మొత్తం బతుకు ఆ ఆక్టోపస్ పొదిగిన కాలంలో నాలుగో వంతు.

ఇక వయసుల నమ్మకం మాట. చెవిరాయి లేని సొరలకు కంటి కటకం మధ్యభాగంలో కార్బన్-14 చూస్తారు. 1950, 60లలో అణుపరీక్షలు వదిలిన గుర్తు అందులో ఉంటే తర్వాత పుట్టింది, లేకపోతే ముందు. 2016లో 28 గ్రీన్‌లాండ్ సొరలను ఇలా లెక్కించారు. అయిదు మీటర్ల ఆడదానికి 392 ఏళ్ళు వచ్చింది, పక్కన 120 ఏళ్ళు అటూ ఇటూ. పత్రికలు 400 అని వేసుకున్నాయి. గట్టిగా చెప్పగలిగేది 272కు తక్కువ కాదని మాత్రమే.

విశాఖకు దగ్గరి విషయం తిమింగల సొర. దీని వెన్నుపూస పట్టీలను 2020లో ఇదే అణుపరీక్షల గుర్తుతో సరిచూశారు, పాకిస్తాన్‌లో దాచిన పది మీటర్ల ఆడదానికి 50 ఏళ్ళు తేలాయి. ఈ తీరంలో అప్పుడప్పుడు ఒడ్డుకు పడుతుంది. బతికి ఉంటే మొప్పలకు నీరు తగిలేలా ఉంచి, ఒంటికి చుట్టుకున్న వల కోసి, తల లోతు వైపు తిప్పి తోయాలి. తోకకు తాడు కట్టి వెనక్కి ఈడిస్తే మొప్పల్లోకి ఇసుక పోతుంది. చచ్చి ఉంటే మొదటి వీపు రెక్క కింది వెన్నుపూసలు అయిదారు కావాలి. మాంసం తీసి గడ్డకట్టించి ఉంచాలి, ఫార్మలిన్ వద్దు, పొడవు, తేదీ, చోటు రాసిన చీటీ లోపలొకటి, బయటొకటి. ఇది చట్టంలో మొదటి షెడ్యూలు ప్రాణి, అటవీ శాఖ పంచనామా రాసి అనుమతి ఇచ్చేదాకా కత్తి పెట్టకూడదు.